ఇంటర్ తప్పినవాడి ఫొటోకు దండ

డిసెంబర్ 22, జాతీయ గణిత దినోత్సవం. ఇంటర్ కాలేజీల్లో శ్రీనివాస రామానుజన్ ఫొటోకు బంతిపూల దండ పడే రోజు. స్టడీ అవర్లో అరగంట కోసేసి పిల్లల్ని వరసగా కూర్చోబెడతారు, బయటి నుంచి ఒక వక్తను పిలిపిస్తారు. చొక్కాకు బుల్లి మైకు తగిలించుకున్న ఆ పెద్దమనిషి నోరు తెరిస్తే మొదటి మాట: “ప్రతిభకు చదువుతో పని లేదు!” రెండేళ్ల ఫీజు ముందే కట్టిన తండ్రులెవరూ ఆ హాల్లో ఉండరు. అది ఆయన అదృష్టం.

రామానుజన్ ఎఫ్.ఏ. పరీక్ష రెండుసార్లు తప్పాడు. ఎఫ్.ఏ. అంటే ఆనాటి ఇంటర్. ఇంటర్ తప్పినవాడు ఇంటర్ కాలేజీ గోడకు దేవుడయ్యాడన్నమాట. లెక్కలు తప్ప మరొకటి పట్టించుకోడని కుంభకోణం కాలేజీ స్కాలర్‌షిప్ ఆపేసింది. మద్రాసు పచ్చయప్ప కాలేజీకి మారితే అక్కడ శరీరశాస్త్రం ముంచింది. అదే కుర్రాడు ఇవాళ ఈ దండ వేసిన కాలేజీలోనే చేరాడనుకోండి. మొదటి వీక్లీ టెస్టుకే కింది సెక్షన్‌లోకి దింపేస్తారు. ఆ సాయంత్రమే కోమలతమ్మాళ్ గారికి ఫోను: “అమ్మా, మీవాడు కెమిస్ట్రీ ముట్టుకోవడం లేదు. నోటుబుక్కు నిండా ఏవో సొంత లెక్కలు. సిలబస్‌లో లేనివి. ఒకసారి వచ్చి మాట్లాడండి. వస్తూ వస్తూ రెండో టర్మ్ ఫీజు కూడా తెచ్చేయండి.”

వక్తగారి జాబితాలో తర్వాతి పేరు బిల్ గేట్స్. హార్వర్డ్ మానేశాడట! మానేయాలంటే ముందు అందులో సీటు రావాలి కదా స్వామీ. ఆయన చదివిన ప్రైవేటు బళ్లో 1968లోనే పిల్లలకు కంప్యూటర్ టెర్మినల్ ఉంది. సీటు వదులుకున్నవాణ్ణీ బడి గుమ్మం అందనివాణ్ణీ ఒకే స్లైడులో పక్కపక్కన నిలబెట్టడానికి చాలా ధైర్యం కావాలి. ఆ ధైర్యానికి పారితోషికం కూడా ఉంటుంది.

ఇక మన చింతకింది మల్లేశం వంతు. ఆలేరు దగ్గర శారాజీపేట. ఆరో తరగతితో బడి ఆగింది. ఎందుకు ఆగిందో వక్త చెప్పడు. ఇంట్లో డబ్బు లేదని చెబితే చప్పట్లు రావు మరి. పోచంపల్లి రకం చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ దారం తిప్పుతూ చీర ఒక్కింటికి తొమ్మిది వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. తల్లి లక్ష్మికి భుజం పడిపోతుంటే చూడలేక 1992లో మిషన్ మొదలుపెట్టాడు. ఊరంతా పిచ్చివాడంది. అప్పులయ్యాయి. హైదరాబాదు వచ్చి కూలికి కరెంటు పనులు చేసుకున్నాడు, అక్కడ చూసిన ఒక యంత్రం కదలికలో తనకు చిక్కని ముడి విడిపోయింది. మిషన్ తిరిగింది 1999లో. 2017లో పద్మశ్రీ.

“చూశారా, చదువు లేకపోవడం ఆయనకు అడ్డే కాలేదు!” అంటాడు వక్త. కాకపోవడమేమిటి? ఏడేళ్లు అడ్డం పడింది. గేర్లు, మోటార్ల సంగతి చెప్పే పాలిటెక్నిక్ మాస్టారు ఒక్కడు దొరికి ఉంటే అందులో ఎన్నేళ్లు మిగిలేవో! ఆ ఏడేళ్లూ ఆ ఇంటి ఆడవాళ్లు ఆసు పోస్తూనే ఉన్నారు. చీరకు తొమ్మిది వేల చొప్పున గుణించుకోండి; గణిత దినోత్సవమే కదా.

మన పెద్దలకు చదువురానివాడి ప్రతిభ మీద ప్రేమ ఎక్కువ. ఖర్చు తక్కువ కాబట్టి. బడి కట్టనక్కర్లేదు, పంతుల్ని వేయనక్కర్లేదు; వాడే కిందామీదా పడి పైకొస్తే శాలువా చాలు. రానివాళ్ల లెక్క ఎవరూ అడగరు. బడి ముఖం చూడని అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’ 2024లో రాష్ట్ర గీతమైంది, బడి పిల్లలు నిలబడి పాడుతున్నారు. కాకతీయ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఇవ్వాల్సిందే. కాకపోతే గౌరవ డాక్టరేటు గోడకు పనికొస్తుంది. అది పట్టుకెళ్తే గెస్ట్ లెక్చరర్ ఉద్యోగానికి కూడా దరఖాస్తు తీసుకోరు.

ఇంతకీ రామానుజన్‌కు అన్నం పెట్టిందెవరు? 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్టు. నెలకు 30 రూపాయల గుమాస్తా పని. అక్కడి మేనేజరు నారాయణ అయ్యర్‌కు లెక్కలు తెలుసు, కుర్రాడి కాగితాలు చూసి మనిషిని పోల్చుకున్నాడు. తెల్లదొరల పాలనలో, ఇంటర్ తప్పినవాడికి, సర్కారీ గుమాస్తాగిరీ! ఇవాళ అదే కుర్చీకి, మన గ్రూప్-4 జూనియర్ అసిస్టెంటుకు, డిగ్రీ ఉండి తీరాలి. ఇక డిగ్రీలు దండగని ఊరూరా చెప్పే పెద్దమనుషుల సొంత కంపెనీల ప్రకటనలు ఒకసారి చదవండి: “ఏదైనా డిగ్రీ, 60 శాతం, బ్యాక్‌లాగ్స్ ఉండరాదు.” దరఖాస్తులో ఇంటర్ మార్కుల గడి ఖాళీగా వదిలితే కంప్యూటర్ రెండో పేజీకి కూడా పోనివ్వదు.