జవాబు రాలే సార్

అచ్చంపేటలో ఈయన లేని ఆఫీసు లేదు, ఈయన కార్యదర్శి కాని సంఘం లేదు. ఒకచోట ఎరువుల దుకాణంలో లెక్కలు చూస్తుంటాడు, ఇంకోచోట రిటైరైన టీచర్ల వినతిపత్రాలు టైపు చేస్తుంటాడు, మార్కెట్ యార్డుకు పల్లికాయ వచ్చే కాలంలో కమీషన్ ఏజెంటు గదిలో కంప్యూటర్ ముందు ఉంటాడు. పేర్లు వేరైనా పలుకు ఒక్కటే: "మెయిల్ గొట్టిన, జవాబు రాలే." మెయిల్ పంపడం ఆయన లెక్కలో సగం పనే. మిగతా సగం, వెంటనే ఫోన్ చేసి పంపిన సంగతి చెప్పడం. "చూసినవా సార్? ఇప్పుడే తెరువుండ్రి, నేను లైన్ల ఉంటా." అవతలివాళ్లు తెరిచి, చదివి, జవాబు రాసి, రాశామని చెప్పినా ఒప్పుకోడు. పంపిన మెయిల్ ప్రింటు తీసి, దాని మీద తారీకు వేసి, ఫైల్లో పెట్టుకుని మరీ ఒప్పుకోడు. ఇలాంటివాణ్ణి అబద్ధాలకోరనో చాదస్తుడనో కొట్టిపారేయడం సులువు. కానీ సాక్ష్యాలు పరిశీలిస్తే ఆయన చెప్పేది నిజమే, అవతలివాళ్లు చెప్పేదీ నిజమే. తాను ఒక్కణ్ణే అనుకోవడం ఒక్కటే ఆయన పొరపాటు. మెయిల్ లోకంలో ఆయన ఇద్దరు.

పగలు ఆఫీసు కంప్యూటర్లో ఔట్‌లుక్కో థండర్‌బర్డో తెరుస్తాడు, రాత్రి ఇంట్లో అదే అకౌంటును బ్రౌజర్లో తెరుస్తాడు. పాస్‌వర్డు అదే, ఇన్‌బాక్సులో ఉత్తరాలూ అవే. కాబట్టి రెండు చోట్లా ఉన్నది తానే అని నమ్ముతాడు. అయితే ప్రతి మెయిల్ తల మీద 'ఫ్రమ్' అని ఒక వరుస ఉంటుంది, కావాలంటే 'రిప్లై-టు' అని ఇంకొకటి పెట్టుకోవచ్చు. మొదటిది రాసిందెవరో చెబుతుంది, రెండోది జవాబు ఎక్కడికి పంపాలో చెబుతుంది. ఈ ఏర్పాటు ఇంటర్నెట్ మెయిల్ ఎలా ఉండాలో చెప్పే 1982 నాటి ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 822లోనే ఉంది, 2008లో వచ్చిన 5322 కూడా దాన్ని ఉంచింది. రెండో వరుస ఉంటే జవాబు అక్కడికి పోతుంది, లేకపోతే ఫ్రమ్ అడ్రసుకే వస్తుంది. అసలు చిక్కు, జవాబు ఫలానా చోటికి రావాలన్న ఈ కోరికను ఎక్కడ దాచారన్న దగ్గర ఉంది. వెబ్‌మెయిల్లో పెట్టుకున్నది సర్వర్లో ఉంటుంది, ఔట్‌లుక్‌లో పెట్టింది సాధారణంగా ఆ కంప్యూటర్లోనే ఉండిపోతుంది. రెండింటి మధ్య తిరిగే ఐమాప్ అనే ఏర్పాటు ఉత్తరాలను, ఫోల్డర్లను, ఏది చదివారో ఏది చదవలేదో ఆ గుర్తులను మోస్తుంది గాని, యజమాని పెట్టుకున్న ఇలాంటి కోరికలను మోయదు. దీనికి ఆయన సంతకమే సాక్షి. బ్రౌజర్ నుంచి పంపితే కింద నాగర్‌కర్నూల్ జిల్లా అని ఉంటుంది, ఆఫీసు కంప్యూటర్ నుంచి పంపితే ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాయే. 2016 అక్టోబరు 11న జిల్లా మారిన కబురు ఔట్‌లుక్‌కు ఎవరూ చేరవేయలేదు.

ఇంతకీ ఆఫీసు కంప్యూటర్లో ఆ రిప్లై-టు గడిలో ఉన్నది ఆయన పాత రెడిఫ్‌మెయిల్ అడ్రసు, జవాబులన్నీ అక్కడికే పోతున్నాయి. దాన్ని ఎవరో పగబట్టి నింపలేదు. మెయిల్ ప్రోగ్రాం పెట్టిన రోజున అక్కడ ఒక ఖాళీ గడి కనిపించింది. గడి ఖాళీగా వదిలితే దరఖాస్తు తిరిగొస్తుందని తహసీల్దారు ఆఫీసు, ట్రెజరీ, బ్యాంకు ఆయనకు జీవితమంతా నేర్పాయి. ఇక ఎట్లా వదులుతాడు? ఆ గడి ఖాళీగా ఉంటేనే నూటికి తొంభై మందికి క్షేమమని చెప్పేవాళ్లు పక్కన లేరు. ఈ విషయంలో ఆయన మీద కోపం తెచ్చుకోవడం అన్యాయం. కోపం రావలసింది, ఎన్నో క్లిక్కుల లోపల 'మోర్ సెట్టింగ్స్' అనే అటకమీద దాన్ని దాచినవాళ్ల మీద.

అడ్రసు తప్పైతే మెయిల్ తిరిగి రావాలి కదా అని ఒక ఆక్షేపణ ఉంది. బతికున్న పెట్టెకు పోయిన మెయిల్ తిరిగి రాదు, చప్పుడు చేయకుండా అక్కడే కూర్చుంటుంది. పెట్టె మూతపడి ఉంటే తిరుగుటపా వస్తుంది, కానీ అది జవాబు రాసినవాళ్లకు వస్తుంది. ఈయనకు ఆ ముక్కే తెలియదు. తిరుగుటపా అందుకున్నవాళ్లు, ఆయన అడ్రసే తప్పని తేల్చుకుని ఊరుకుంటారు. ఫ్రమ్ వరుసలో పేరు కనిపిస్తుంటే రిప్లై-టు ఎవరు చూస్తారు, అంటే అదీ నిజమే, ఎవరూ చూడరు. తపాలాకు ఈ బాధ ముందే తెలుసు. నల్లమల అంచున ఒక అచ్చంపేట ఉంది, పల్నాడు జిల్లాలో ఇంకో అచ్చంపేట ఉంది. 1972లో వచ్చిన పిన్‌కోడు దయవల్ల ఒకటి 509తో, రెండోది 522తో మొదలవుతుంది. ఊరి పేరు చూసి మనిషి మోసపోయినా అంకె మోసపోదు. మెయిల్లో కథ తలకిందులు. యంత్రం అసలు వరుసనే చదువుతుంది, మనిషి కంటికి మాత్రం పైనున్న పేరే కనిపిస్తుంది.

ఇదంతా వయసు మీదపడ్డవాళ్ల సమస్య అనేవాళ్లు కుర్రాళ్ల జీమెయిల్ సెట్టింగులు ఒకసారి చూడాలి. 'సెండ్ మెయిల్ యాజ్' కింద కాలేజీ అడ్రసు ఒకటి, పాత ఉద్యోగానిది ఒకటి, ఏది డిఫాల్టో వాళ్లకే గుర్తుండదు. ఫోన్లో యాప్ మూడో మనిషి. ఆఫీసు ప్రోగ్రాం, బ్రౌజర్ రెండింట్లో ఒకటి మానేయమని ఈయనకు ఇచ్చే సలహా కూడా పనికిరాదు. పదేళ్ల అటాచ్‌మెంట్లు ఆఫీసు కంప్యూటర్లో ఉన్నాయి, ఆయన వాటిని వదలడు. వదలమని అడగడమూ సబబు కాదు.

పరీక్ష చిన్నదే. ఆఫీసు కంప్యూటర్ నుంచి ఒకటి, బ్రౌజర్ నుంచి ఒకటి, ఇంకొకరి జీమెయిల్‌కు పంపాలి. అక్కడ 'షో ఒరిజినల్' నొక్కి రెండింటి తలలూ పక్కపక్కన పెట్టుకుంటే రిప్లై-టు తేడా కళ్లకు కడుతుంది. తర్వాత అకౌంట్ సెట్టింగుల్లో ఆ గడిని ఖాళీ చేస్తే చాలు. ఈయన మాత్రం ఖాళీ చేసే ముందు తప్పెవరిదో తేలాలంటాడు. "మరి ఇన్నొద్దులు ఎట్ల నడిచింది?" అని అడుగుతాడు. నడవలేదన్న సంగతి ఆయనకు ఇంకా పట్టదు. ఖాళీ చేశాక కూడా, అదివరకే పంపిన మెయిళ్లలో పాత రిప్లై-టు అట్లాగే ఉంటుంది కాబట్టి, వాటిని తెరిచి జవాబు రాసేవాళ్ల ఉత్తరాలు ఆ పాత పెట్టెకే పోతుంటాయి. ఆ పెట్టె పాస్‌వర్డు మర్చిపోయి ఉంటాడు. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఇచ్చిన ఫోన్ నంబరు కూడా పాతదే.