ఒడ్డున వదిలిన డబ్బా

పది లీటర్ల పెట్రోలు ఏడున్నర కిలోల దాకా తూగుతుంది. ఆ బరువు తగ్గితే పడవ ఇంకాస్త జోరుగా పోతుందనుకొని, మూడేళ్ళ కింద ఒక నవంబరు పొద్దున, ఉకాయి జలాశయం ఒడ్డున నిండు డబ్బాను తుమ్మచెట్టు మొదట్లో పెట్టి నీళ్ళలోకి పోయాను. ఈ సంగతి పోయిన ఆదివారం దాకా నాకూ మా బామ్మర్దికీ తప్ప ఎవరికీ తెలియదు.

మాది సూరత్‌లో గోడాదరా. నాన్న సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి సాంచాల, అంటే మరమగ్గాల పనికి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టి, కార్పొరేషన్ వాళ్ళ తెలుగు బడిలో చదువుకొని అదే పనిలో కుదురుకున్నాను. దీపావళికి కార్ఖానాలు మూతపడితే వీలున్నవాళ్ళు నవజీవన్ రైలెక్కి వరంగల్ దిక్కు పోతారు. ఆ ఏడు మాకు వీలు కాలేదు. ఊళ్ళో చెరువుల్లో చేపలు పట్టిన కథలు నాన్న నోట విని పెరిగినవాణ్ణి, గాలమంటే నాకు ప్రాణం. నేనూ, బామ్మర్దీ, కార్ఖానా దోస్తులు ముగ్గురూ కలిసి ఉధనాలో రైలెక్కి ఉకాయి సోన్‌గఢ్‌లో దిగాం. రెండు పడవలు కిరాయికి తీసుకున్నాం. సాయంత్రం ఐదింటికల్లా ఏ పడవ పెద్ద చేపతో ఒడ్డుకొస్తే ఆ పడవ గెలిచినట్టు, ఓడినవాళ్ళు రాత్రి దావతు పెట్టాలి. పందెం అంతే.

తాపీ నది మీద ఉకాయి ఆనకట్ట 1972లో పూర్తయింది. సూరత్ వాళ్ళకు ఆ పేరు వింటే ఊరిని ముంచిన 2006 ఆగస్టు వరద గుర్తొస్తుంది. నాకు మాత్రం ఆ రోజు అదొక పెద్ద చెరువులాగే కనిపించింది. చెరువు కాదది. ఆనకట్ట వెనక నీళ్ళు మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా దాకా పోతాయి. నూటికి పైగా పల్లెలు ఆ నీటి కింద ఉన్నాయి. గుట్టల నెత్తులు దీవుల్లా మిగిలాయి, మునిగిన చెట్ల మోళ్ళు నీటికి జానెడు కింద కాచుకొని ఉంటాయి. దూరంగా, పై దిక్కున వాలుగలూ పెద్ద బొచ్చెలూ పడతాయని ఎవరో అన్నారు. నా మనసు అక్కడికే పోయింది.

పడవాయన ఇచ్చింది పది గుర్రాల శక్తి లోపు టూ స్ట్రోక్ మోటారు. ట్యాంకులో పన్నెండు లీటర్లు ఆయిల్ కలిపిన పెట్రోలు పోశాడు, పక్కన పది లీటర్ల డబ్బా పెట్టాడు. "రెండూ తీసుకుపోండి" అని గుజరాతీలో రెండుసార్లు చెప్పాడు. నేను అడిగాను, నిండు జోరు మీద గంటకు ఎంత తాగుతుందని. నాలుగు, నాలుగున్నర లీటర్లన్నాడు. మనసులో లెక్క కట్టాను. పై దిక్కుకు ఇరవై రెండు కిలోమీటర్లు, గంట ప్రయాణం. పోను నాలుగున్నర, రాను నాలుగున్నర. మూడు లీటర్లు మిగులు.

"బావా, డబ్బా గూడ ఎక్కిద్దాం. అక్కరకొస్తది" అన్నాడు మా వాడు. వాడికప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఈత రాదు.

"బరువెందుకురా, మిగులు ఉండనే ఉంది" అన్నాను. దోస్తుల పడవ అప్పటికే కదిలింది. డబ్బా చెట్టు కింద పెట్టించాను.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి కాదు. బండికి లెక్కేసినట్టే, పోయిన దూరానికి ఎంతో తిరిగి రావడానికీ అంతే అని పడవకూ వేశాను. పడవ లెక్క గంటల్లో ఉంటుంది. పొద్దున నీళ్ళు అద్దంలా ఉన్నాయి, పడవ తేలిక. ముక్కు దించుకొని నీటి మీద జారుకుంటూ పోయింది, అందుకే గంటకు ఇరవై రెండు కిలోమీటర్లు పడ్డాయి. ఎదురుగాలి లేచి, అలలు వచ్చి, పడవలో చేపలూ ఐసూ నింపాక అదే పడవ జారడం మానేస్తుంది. ముక్కు ఎత్తుకొని నీటిని తోసుకుంటూ పోతుంది. వేగం సగానికి పడిపోతుంది, మోటారు మాత్రం గంటకు ఆ నాలుగున్నర లీటర్లూ తాగుతూనే ఉంటుంది. అంటే పోయిన దూరమే తిరిగి రావడానికి రెండింతలు కావాలి. పైగా ట్యాంకు అడుగున మిగిలే కొంచెం పడవ ఊగుతుంటే గొట్టానికి అందదు, గాలి పీల్చి మోటారు ఆగిపోతుంది. ఇవేవీ ఎవరికీ తెలియని రహస్యాలు కావు. అడిగితే పడవాయనే చెప్పేవాడు. పందెం ధ్యాసలో నేను అడగలేదు.

పై దిక్కున మూడు చోట్లు మారాం. మిగులనుకున్న మూడు లీటర్లూ అక్కడే పోయాయి. మధ్యాహ్నం మూడింటికి ఒక వాలుగ పడింది, ఎనిమిది కిలోల పైమాటే. దాన్ని పడవలోకి లాగినప్పుడు మా వాడు కేకవేసిన తీరు నాకింకా చెవుల్లో ఉంది. మూడుముప్పావుకు తిరిగాం. గాలి అప్పటికే ఎదురు తిరిగింది. పొద్దు కళ్ళల్లో పొడుస్తోంది, మోళ్ళు కనబడటం లేదు. ఐదు గంటలకు పదిహేను నిమిషాల ముందు మోటారు రెండుసార్లు దగ్గి ఆగింది. ఒడ్డు ఇంకా పదకొండు కిలోమీటర్లు ఉంది.

ఫోన్లో సిగ్నల్ లేదు. ఉన్నది ఒక్క తెడ్డు. నేను తెడ్డేస్తే పడవ ఒక పక్కకు తిరుగుతోంది, గాలి మళ్ళీ వెనక్కి నెడుతోంది. ఆరింటికి చీకటి పడింది. మా వాడు లైఫ్ జాకెట్ పట్టీలు రెండు చేతులా పట్టుకొని, "బావా, ఏం గాదు గదా" అని అడిగాడు. ఏం కాదురా అన్నాను. అల కొట్టిన ప్రతిసారీ పడవ కింద మోడు గీసుకున్న చప్పుడు వినిపించేది. అత్తమ్మకు వాడొక్కడే కొడుకు. ఆ చీకట్లో చేప నా కాళ్ళ దగ్గరే పడి ఉంది. దాని వైపు చూడలేకపోయాను.

ఎనిమిది దాటాక చిన్న దీపం కనిపించింది. వలలు వేయడానికి వచ్చిన ఆదివాసీ భార్యాభర్తలు, చేతి తెడ్ల పడవ. తాడు కట్టి మమ్మల్ని లాక్కుంటూ ఒక గుట్ట అంచుకు చేర్చారు. తమ మూటలోంచి జొన్న రొట్టెలు తీసి చెరిసగం పెట్టారు. వాళ్ళ దగ్గర పెట్రోలు ఎందుకుంటుంది? తెల్లవారుజామున ఆ కాకా తన ఊరికి పోయి, రోడ్డు పక్క కొట్టులో నాలుగు లీటర్లు సీసాల్లో కొని తెచ్చాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆయిల్ తెమ్మని చెప్పలేదని. టూ స్ట్రోక్ మోటారుకు లీటరుకు ఇరవై మిల్లీలీటర్ల ఆయిల్ కలపకపోతే లోపల పిస్టన్ కాలి బిగుసుకుపోతుంది. రాత్రంతా నిద్రలేని మనిషి, పాపం, మళ్ళీ నడిచాడు. నా తెలివితక్కువకు ఆయన కాళ్ళు రెండుసార్లు నొచ్చాయి.

ఇక అసలు చెప్పాల్సింది. ఒడ్డుకు చేరేసరికి దోస్తులూ పడవాయనా ఎదురు నిలబడి ఉన్నారు. రాత్రి తొమ్మిదింటికే గోడాదరాకు ఫోన్ పోయింది. మా గల్లీకి గల్లీ మేలుకొని ఉందట. "ఏమైంది?" అని అందరూ ఒక్కసారే అడిగారు. నా నోట్లోంచి వచ్చిన మాట: "ఇంజను చెడిపోయింది. పొద్దున మళ్ళీ అందుకుంది."

మా వాడు నా ముఖం చూశాడు. ఏమీ అనలేదు. నెమ్మదిగా తుమ్మచెట్టు దగ్గరికి పోయి, డబ్బా తెచ్చి ఎవరూ చూడకుండా పడవలో పెట్టాడు. పడవాయన మోటారు విప్పాడు, ప్లగ్గులు తీసి తుడిచాడు, కార్బురేటర్ ఊది చూశాడు. తప్పేమీ కనబడక ఇంకా ఎక్కువ బాధపడ్డాడు. కిరాయి తీసుకోలేదు, చేతులు జోడించాడు. ఆ జోడించిన చేతులకు గ్రీజు అంటి ఉంది. అప్పుడైనా నోరు తెరవాల్సింది.

ఆ తర్వాత దీపావళి సెలవుల్లో ఉకాయి పోయే మనవాళ్ళు ఆయన దగ్గర పడవ తీసుకోవడం మానేశారు. "ఆయన ఇంజన్లు మంచియి గావు" అనే మాట మా గల్లీలోనే పుట్టింది, నా వల్లే పుట్టింది.

మొన్న వేసవిలో ఉధనా స్టేషన్లో రైలు కోసం కూర్చుంటే పక్కన శ్రీకాకుళం మనిషి ఒకాయన కలిశాడు. వేరావల్ పడవల మీద కొన్నేళ్ళు ఖలాసీగా చేశాడట. వాళ్ళు ఒకసారి పోతే పదిహేను, ఇరవై రోజులు సముద్రం మీదే. "మా తండేలు, అంటే పడవ పెద్ద, ముందు డీజిల్ లెక్క చూస్తాడు, తర్వాతే ఐసు, తర్వాతే బియ్యం. రావడానికి ఉంచినది చేపల గుంపు కనబడినా ముట్టడు" అన్నాడు. 2018 నవంబరులో ఆ పడవల మీద పనిచేసే ఉత్తరాంధ్ర వాళ్ళను పాకిస్తాన్ పట్టుకుపోయింది, 2020 జనవరిలో ఇరవై మంది వాఘా దాటి వచ్చారు. 2025లో వచ్చిన తండేల్ సినిమా వాళ్ళ కథే. పొట్టకూటి కోసం అంత దూరం పోయేవాళ్ళు చుక్క డీజిల్‌ను అలా కాపాడుకుంటారు. నేను ఒక దావతు కోసం కన్నకొడుకులాంటి పిల్లవాణ్ణి చీకటి నీళ్ళలో కూర్చోబెట్టాను. రైలు వచ్చి ఆయన వెళ్ళిపోయాక కూడా నేను బల్ల మీదే ఉండిపోయాను.

మా పందెం లాంటివే, కానీ పెద్ద ఎత్తున, అమెరికాలో ఈరీ సరస్సు మీద వాలై అనే చేప కోసం పోటీలు జరుగుతాయి. రెండు వందల యాభై గుర్రాల మోటార్లు, నిండు జోరు మీద గంటకు తొంభై లీటర్ల దాకా తాగేవి. తూకం వేళకు మరీ ఆలస్యమైతే పట్టిన చేపకు విలువ ఉండదు. అక్కడైనా ఇక్కడైనా పడవ నడిపేవాళ్ళలో పాత పద్ధతి ఒకటుంది: ఇంధనంలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టకుండా. మా లెక్క తర్వాత కట్టి చూశాను. పోను నాలుగున్నర, తిరగడానికి మూడు, ఎదురుగాలిలో రాను తొమ్మిది, మొత్తం పదహారున్నర. పడవాయన ఇచ్చింది ఇరవై రెండు. ఆయన లెక్క సరిగ్గానే ఉంది.

నేను రోజూ చేసే పనిలోనూ ఇదే ఉంది. బీముకు పడుగు చుట్టించేటప్పుడు ముందూ వెనకా పోయే పోగు కోసం కొన్ని మీటర్లు ఎక్కువ పెట్టకుండా ఏ సాంచా ఎక్కించను. నాన్న సూరత్ వచ్చిన కొత్తలో తిరుగు టికెట్ డబ్బులు బనీను లోపల కుట్టించుకున్న జేబులో పెట్టుకొని తిరిగాడట. రెండు నెలలు జీతం అందకపోయినా, పస్తున్నా, ఆ డబ్బు తీయలేదు. ఆ మనిషి కొడుకునే నేను.

పోయిన ఆదివారం ఉకాయి పోయి పడవాయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. మూడేళ్ళ కిందటి కిరాయి చేతిలో పెట్టాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కుర్రాడు బాగున్నాడా?" అని మాత్రం అడిగాడు.

గోడాదరా తమ్ముళ్ళూ, ఆయన మోటార్లు మంచివి. ఈ దీపావళికి పోతే ఆయన దగ్గరే పడవ తీసుకోండి, ఇచ్చిన పెట్రోలంతా ఎక్కించుకోండి. అత్తమ్మా, మీతో ఎదురుగా చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు ఇంజను చెడిపోలేదు. పెట్రోలు అయిపోయింది. మీ కొడుకు తీసుకుపోదామన్న డబ్బాను ఒడ్డున పెట్టించింది నేనే.