ఫేర్ల బాబాయ్

కాలనీలో ఎవరికి విమానం టికెట్ కావాలన్నా ముందు తట్టేది ఫేర్ల బాబాయ్ తలుపే. ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. "విశాఖకా? ఆగండి, ఇప్పుడే కొనకండి" అంటాడు. ఎప్పుడు కొనాలో మాత్రం చెప్పడు. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కాకుండా మామూలు విండోలో వెతికితే కంపెనీవాళ్లు మన ఆత్రం పసిగట్టి రేటు పెంచేస్తారని ఆయన గట్టి నమ్మకం.

ఆ నమ్మకం మాటెలా ఉన్నా, అసలు కిటుకొకటి ఆయనకు తెలుసు. విమానంలో సీట్లన్నీ ఒకే ధరకు అమ్మరు. ధరకు కొన్ని చొప్పున విడగొట్టి పెడతారు. చౌకవి రెండే మిగిలినప్పుడు నలుగురికి కలిపి వెతికితే, చాలాసార్లు నలుగురికీ పై ధరే పడుతుంది. అందుకే బాబాయ్ ఇద్దరిద్దరికి కొంటాడు. సంక్రాంతికి తనకూ ఆరేళ్ల మనవడికీ ఒక పీఎన్‌ఆర్, పిన్నికీ వాడి అమ్మకీ ఇంకోటి. సీటు ఎంచుకోవడానికి వేరే డబ్బు కట్టడమంటే ఆయన దృష్టిలో ఓటమి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు అదే పీఎన్‌ఆర్‌లో ఉన్న పెద్దవాళ్ల పక్కనే సీటివ్వాలని 2024లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చెప్పింది. ఎయిర్‌లైన్ ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. మనవడు ఇరవై ఏడో వరుసలో తాత పక్కన, తల్లి ఆరో వరుసలో. శంషాబాద్‌లో "అమ్మా" అని మొదలెట్టినవాడు విశాఖలో దిగేదాకా ఆపలేదు.

సర్వీసు విషయంలో బాబాయ్ తూకమే వేరు. బతికున్న ఎయిర్‌లైన్స్‌కి పాసు మార్కులు దాటి వెయ్యడు. 2012లో ఆగిపోయిన కింగ్‌ఫిషర్‌లో సీటు సీటుకీ ఉన్న టీవీ, 2019లో ఆగిన జెట్‌లో భోజనం, 2024లో ఎయిరిండియాలో కలిసిపోయిన విస్తారాలో మర్యాద, ఎయిర్ డెక్కన్ రూపాయి టికెట్టు... తలుచుకుంటే గొంతు పూడుకుపోతుంది. అవి ఎగిరే రోజుల్లో వాటినీ ఇలాగే తిట్టాడని పిన్ని సాక్ష్యం.

అయినా ఆయన బెంగలో న్యాయం లేకపోలేదు. దేశం లోపల విమానమెక్కేవాళ్లలో పదిమందికి ఆరుగురికి పైగా ఇండిగోలోనే వెళ్తున్నారు. మిగతాదాంట్లో పెద్ద వాటా ఎయిరిండియా గ్రూపుది. ఇక దేన్ని దేంతో పోల్చాలి? 2025 డిసెంబర్‌లో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయి రేట్లు ఎగబాకితే, 500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి రూ.7,500 మించకూడదని ప్రభుత్వమే గీత గీయాల్సొచ్చింది. ఆ వారం బాబాయ్‌కి ఎక్కడికీ వెళ్లే పనిలేదు. అయినా గంటకోసారి రేట్లు చూసి ఇంటిల్లిపాదికీ చదివి వినిపించాడు.

నియమాలన్నీ కంఠతా. చిన్న ప్రయాణాలకు ఆలస్యం రెండు గంటలకు చేరితే ఫలహారం ఉచితంగా పెట్టాలన్నది ఆయనకు మరీ ఇష్టమైన నియమం. విశాఖ నుంచి తిరిగొచ్చేటప్పుడు విమానం గంటా యాభై నిమిషాలు ఆలస్యమని బోర్డు మీద పడింది. చుట్టూ అందరూ విసుక్కుంటుంటే బాబాయ్ నేరుగా కౌంటర్ దగ్గరికెళ్లి, గొంతు తగ్గించి అడిగాడు: "ఇంకో పది నిమిషాలు ఎలాగైనా సర్దలేవా, అమ్మా?"