స్వర్గం దారిలో టీ కొట్టు

బదరీనాథ్‌కు మూడు కిలోమీటర్ల ఎగువన, సరస్వతి వచ్చి అలకనందలో కలిసేచోట, సుమారు 3,200 మీటర్ల ఎత్తున ఉంది మానా. ఆపైన మానా కనుమ, దాని అవతల టిబెట్. ఈ ఊరి భోటియాలు ఒకప్పుడు ఆ కనుమ దాటి వెళ్లి ఉప్పు, ఉన్ని బేరం చేసేవారు. 1962 యుద్ధంతో ఆ దారి మూతపడింది. ఇప్పుడు సరుకు యాత్రికులమైన మేమే. కింది నుంచి బస్సుల్లో దిగుమతి అవుతాం.

మా బృందం వెంట వంటమనిషి కూడా వచ్చాడు. హిమాలయాల్లో ఉప్మా తినకపోతే పుణ్యం సగమే దక్కుతుందని ట్రావెల్స్ వాళ్ల నమ్మకం.

మానా చాలాకాలం దేశానికి ఆఖరి ఊరు. 2022లో ప్రధాని ఇక్కడికొచ్చి, సరిహద్దు ఊళ్లన్నీ ఇకమీదట మొదటి ఊళ్లేనన్నారు. మరుసటి ఏడాది ‘తొలి గ్రామం’ అని బోర్డు వెలిసింది. ఊరు అంగుళం కదలకుండా వెనకబెంచీ నుంచి ముందుబెంచీకి వచ్చేసింది. మా బాబాయి మాత్రం దిగాలుపడ్డాడు. “ఆఖరిది చూద్దామని వచ్చాన్రా. మొదటిదాకా రావడానికి ఇంత ఖర్చు దేనికి?”

సన్నటి సందుల్లో స్వెట్టర్లు అల్లుతున్న ఆడవాళ్లను దాటుకుంటూ పైకెక్కితే వినాయకుడి గుహ, ఇంకాస్త పైన వ్యాసుడి గుహ. మహాభారతం వ్యాసుడు చెప్పాడు, వినాయకుడు రాశాడు. మధ్యలో సరస్వతి హోరు. మాట వినబడటం లేదు, కాస్త నెమ్మదించమ్మా అని వినాయకుడు అడిగితే ఆవిడ వినలేదట. కోపమొచ్చి, ఇక్కణ్ణుంచి ముందుకు కనబడకుండా పోదువుగాక అని శపించాడని స్థానికులు చెబుతారు. కావాలంటే చూసుకోండి, కాస్త దూరంలోనే అలకనందలో కలిసిపోతుంది.

ఇక్కడ నాకో అనుమానం. ఇంత గోలలో, ఘంటం ఆపకూడదన్న షరతు మీద గబగబా రాసేసిన గ్రంథాన్ని తెలుగు చెయ్యడానికి మన దగ్గర ముగ్గురు కవులకు దాదాపు మూడొందల ఏళ్లు పట్టింది. నన్నయగారు కూర్చున్నది రాజమహేంద్రవరంలో. గోదావరి పెద్దమనిషి తరహా నది, చప్పుడు చెయ్యదు. అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయారు. కాస్త హోరు ఉంటే ముగించేవారేమో! గుహ ముందు సెల్ఫీల కోసం తోసుకుంటున్న జనాన్ని చూశాక, వినాయకుడు ఈ రోజుల్లో అయితే శాపం ఎవరికి పెట్టేవాడో చెప్పనక్కర్లేదు.

సరస్వతి మీద అడ్డంగా పెద్ద బండరాయి. ద్రౌపది దాటలేకపోతే భీముడు వేశాడట. టెండరు లేదు, ప్రారంభోత్సవం లేదు, నేటికీ చెక్కుచెదరలేదు. దాన్ని దాటితే వసుధార జలపాతం, ఆ పైన పాండవులు స్వర్గానికి నడిచి వెళ్లిన దారి. ఆ దారి మొదట్లోనే టీ కొట్టు. మనవాళ్లలో నూటికి తొంభైమంది యాత్ర ఇక్కడే ముగుస్తుంది.

పిన్ని కూడా బెంచీ మీద కూలబడింది. “ఆ దార్లో అందరికంటే ముందు పడిపోయింది ద్రౌపదేగా! తెలిసి తెలిసి నేనెందుకు నడవాలి?” అంది. అవతల మనుషుల్ని వీపున బుట్టలో మోసుకెళ్లే కుర్రాడితో బాబాయి బేరం మొదలెట్టాడు. స్వర్గం దాకా కాదు, ఆ మలుపు దాకా. బేరం తెగలేదు. పౌరుషం కొద్దీ తనే నడిచాడు. నాలుగడుగులకో రొప్పు. వెనక ఓ నల్లకుక్క తోకాడిస్తూ వెళ్లింది.

“చూశారా, ధర్మరాజు వెంట కూడా కుక్కే వెళ్లింది!” అని అంత రొప్పులోనూ అరిచాడు. జేబులో బిస్కెట్ ప్యాకెట్ సంగతి ఆయనకు గుర్తులేదు, కుక్కకు తెలుసు. ఆఖరి బిస్కెట్ అయిపోగానే అది వెనక్కి తిరిగి, గుజరాత్ నుంచి వచ్చినవాళ్లలో ఇంకో ధర్మరాజును చూసుకుంది.