పాడైన గాలి పాడవకుండా

ఊళ్ళో గాలి ఎంత పాడైందో కొలవడం ఒక ఉద్యోగం. ఆ పాడైన గాలి ల్యాబుకు చేరేలోపు ఇంకా పాడవకుండా కాపాడటం మరో ఉద్యోగం. ఈ రెండోది చేసే మనిషిని శాంపిలయ్య అందాం.

హైదరాబాదులో మనుషులు స్వయంగా గాలి శాంపిళ్ళు పట్టే చోట్లలో అబిడ్స్ ఒకటి. జాతీయ పథకం ప్రకారం వారానికి రెండు రోజులు, రోజుకు 24 గంటలు పట్టాలి. ఏడాదికి 104 సార్లు. వాయువుల సీసా నాలుగు గంటలకోసారి, ధూళి పట్టే ఫిల్టరు కాగితం ఎనిమిది గంటలకోసారి మార్చాలి. ఆ రోజుల్లో జీపీఓ చౌరస్తా నిద్రపోతుందేమో గాని, శాంపిలయ్యకు నిద్రుండదు.

ఆయన్ని గుర్తుపట్టడం తేలికే. చేతిలో ఐసు పెట్టె, జేబులో రెండు పెన్నులు, మొహంలో పిల్లని అత్తారింటికి సాగనంపే తండ్రి దిగులు.

ఫిల్టరు కాగితాన్ని వేళ్ళతో ముట్టడు, ఇంకొకర్ని ముట్టనివ్వడు. మురికి వైపు లోపలికి వచ్చేలా మడిచి, కవర్లో పెట్టి, కవరు మీద తేదీ, టైమూ రాసి, రాసింది రెండుసార్లు చదువుకుంటాడు. ల్యాబులో ఆ కాగితాన్ని వాడకముందు, వాడిన తర్వాత తేమ అదుపులో ఉన్న చోట ఆరబెట్టి తూస్తారు. ఆ తేడాయే అబిడ్స్ దుమ్ము. "దార్లో ఎవడైనా కవరు దులిపాడనుకో, రికార్డుల్లో అబిడ్స్ ఊటీ అయి కూర్చుంటుంది" అంటాడు.

అసలు వింత బ్లాంకు కాగితం. దానికి గాలీ పట్టించరు, ధూళీ పట్టించరు. అయినా మిగతావాటితో పాటు తీసుకెళ్ళి, తిరిగి తీసుకొచ్చి, తూస్తారు. ప్రయాణంలో ఏమైనా అంటుకుందేమో తెలియాలి కదా! ఏ పనీ చేయకుండా పూర్తి మర్యాదలతో టూరు చేసొచ్చేవాళ్ళు ఆఫీసుల్లో చాలామంది ఉన్నారు గాని, వాళ్ళలో పనికొచ్చే లెక్క తేల్చేది ఈ కాగితం ఒక్కటే.

సల్ఫర్ డయాక్సైడ్ సీసా దగ్గర మాత్రం ఆయన నవ్వడు. ఆ వాయువును పొటాషియం టెట్రాక్లోరోమెర్క్యురేట్ అనే ద్రావణంలో పట్టి ఉంచుతారు. ఆ పేరు ఆయన అష్టోత్తరంలో నామంలా తడబడకుండా పలుకుతాడు. వేడి తగిలితే లోపలున్నది తరిగిపోతుంది. 5 డిగ్రీల దగ్గర ఉంచితే నెల రోజులైనా చెక్కుచెదరదు. మే నెల మధ్యాహ్నం నాంపల్లిలో 5 డిగ్రీలు ఆ పెట్టెలో తప్ప ఇంకెక్కడ దొరుకుతాయి?

అందుకే ఆటోలో పెట్టెను ఒళ్ళో పెట్టుకుంటాడు. మొజంజాహి మార్కెట్టు దాటేటప్పుడు ఆటో అతను అడగనే అడుగుతాడు. "క్యా హై సాబ్, ఐస్‌క్రీమా?"

"నహీ భాయ్, హవా హై."

ఆటో అతను అద్దంలో ఆయన్ని మళ్ళీ ఒకసారి ఎగాదిగా చూస్తాడు. "హవా తో ఇధర్ ముఫ్త్ మే మిల్తీ హై నా సాబ్!"

అదే గాలిని శాంపిలయ్య కూడా 24 గంటలూ పీలుస్తాడు. ఆ శాంపిలుకు ఐసూ లేదు, లేబులూ లేదు.

జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్ అంటే ఊరందరికీ సంబరం. ఈయనకది ట్రాఫిక్‌లో ఐసు కరిగే సీజను. సనత్‌నగర్‌లోని కాలుష్య నియంత్రణ మండలి వైపు వెళ్ళాల్సిన బండి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ దగ్గర ఇరుక్కుంటే, జెయింట్ వీల్ వైపు శత్రువును చూసినట్టు చూస్తాడు. మెట్రోలో పొమ్మని సలహా ఇచ్చి చూడండి. "సెక్యూరిటీవాళ్ళు సీసా మూత తీయమంటే ఎవడండీ జవాబుదారీ?" అని మీదకొస్తాడు.

ఇంత జాగ్రత్తపరుడూ ఇంట్లో పాలు ఫ్రిజ్‌లో పెట్టడం మర్చిపోతాడు. పొద్దున్నే విరిగిన పాలు చూపించి భార్య నిలదీస్తే, "నువ్వు లేబులు వేయలేదు కదే" అంటాడు.

నాంపల్లిలో షేర్ ఆటో ఎక్కినప్పుడు పక్కాయన ఒళ్ళో ఐసు పెట్టె కనిపిస్తే ఒక్క మాట గుర్తుంచుకోండి. దాని మీద మీ కూరగాయల సంచి మాత్రం పెట్టకండి. ఒక సీసాలో పాదరసం మందు, పక్క సీసాలో ఆర్సెనిక్ మందు ఉంటాయి.