కొంచెం ఎడంపక్కకి

నన్ను కొన్నవాడు ఏనాడూ ట్రైపాడ్ అని పిలవలేదు. స్టాండు అంటాడు. వాళ్లమ్మకి ఆ మాట కూడా పట్టదు. "ఒరే, నీ ముక్కాలిపీట గుమ్మానికి అడ్డంగా ఉంది, తియ్యి" అంటుంది. నాకేం కోపం లేదు. అంతకుముందు ఓ ఫొటో స్టూడియోవాళ్లతో పెళ్లిళ్లకి తిరిగినన్నాళ్లూ నాకు ఆ పేరు కూడా లేదు. అక్కడే, బంతి భోజనాల దగ్గర ఎవరో తట్టుకుని పడితే నా కుడికాలి బిగింపు విరిగింది. విరిగినదాన్ని రెండొందలకి వదిలించుకున్నారు. మా గుంటడు తెచ్చుకుని, గోనెసంచులు కుట్టే పురికొసతో కాలు బిగించి కట్టాడు. ఇప్పటికీ ఆ కట్టు మీదే నిలబడుతున్నాను.

మాది అనకాపల్లి, గవరపాలెం. గుంటడు బెల్లం మార్కెట్ యార్డులో ఓ కొలగారి దగ్గర, అంటే కమీషన్ ఏజెంటు దగ్గర, చిట్టాలు రాస్తాడు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించినప్పుడు వాడికి అందులో పదకొండువేలమంది ఉండేవారట. తెల్లారేసరికి ఒక్కరూ లేరు. ఆ పదకొండువేల సంగతి వాడు నాతో ఎన్నిసార్లు చెప్పుకున్నాడో! నాతో అంటే నాతో కాదనుకోండి, నా నెత్తిమీద ఉన్న ఫోన్‌తో.

2023 జనవరిలో యూట్యూబ్ మొదలుపెట్టాడు. ఫోన్లోంచి లైవ్ ఇవ్వాలంటే ముందు 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. ఆ 50 కోసం పిన్నిగారి ఫోను, బావగారి ఫోను, ఎదురింటి తాతగారి ఫోను, అన్నీ వాడే తీసుకుని వాడే నొక్కాడు. మొదటి లైవ్ చూసినవాళ్లు ముగ్గురు. అందులో ఇద్దరు ఆ గదిలోనే ఉన్నారు. గోడకి రంగు లైట్లు పెట్టి, "హాయ్ ఫ్రెండ్స్" అంటూ హైదరాబాద్ కుర్రాళ్లలా మాట్లాడబోయాడు. వాడి నోట ఆ మాటలు నిలవలేదు. పదినెలలు అలాగే గడిచాయి, ఆ పదినెలల్లో చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

ఆ నవంబరులో కొత్తబెల్లం రావడం మొదలైంది. ఓ పొద్దున ఏం తోచక నన్ను భుజాన వేసుకుని యార్డుకి తీసుకుపోయాడు. దిమ్మల వరసల పక్కన నిలబెట్టి, ఫోన్ బిగించి, లైవ్ నొక్కి, తన చిట్టాల పనిలో పడిపోయాడు. గంటన్నరసేపు ఒక్క మాటా మాట్లాడలేదు. కలాసీల అరుపులు, కాటా చప్పుడు, దిమ్మ విరిచి రంగు చూసే వర్తకుల గొణుగుడు, ధర తెగాక పడే కేక. అంతే వెళ్లింది లైవ్‌లో. వచ్చి చూసుకునేసరికి ఇరవైముగ్గురు ఉన్నారు. ఎవరో అడిగారు: "మొదటిరకం ఎంతకి తెగింది బావు?"

వాడికి అక్కడ బుర్ర వెలిగింది. మునగపాకలోనో, కశింకోటలోనో, చోడవరం పక్క ఊళ్లోనో ఉన్న రైతుకి ఈ వేళ దిమ్మలు బండెక్కించాలా, రేపటిదాకా ఆగాలా అన్నది తేలాలి. మామూలుగా అయితే ఎవరికో ఫోన్ చేసి అడగాలి, అవతలివాడు చెప్పిన ధర నమ్మాలి. ఇప్పుడు ఇంట్లో కూర్చుని కళ్లారా చూస్తున్నాడు. తన బెల్లం లాంటిది ఎంతకి పోయిందో తెలిసేదాకా కదలడు. ఆ కదలకపోవడంలోనే ఉంది కిటుకంతా.

లెక్క చెబుతాను. ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, గడిచిన పన్నెండు నెలల్లో జనం 4,000 గంటలు చూసి ఉండాలి. 4,000 గంటలంటే గుంటడికి గుండె ఆగినంత పనైంది. కానీ ఇరవైమంది రోజూ రెండేసి గంటలు చూస్తే రోజుకి 40 గంటలు. వంద రోజులకి 4,000. నిలబడేది నేను కాబట్టి నాకు ఈ లెక్క బాగా తెలుసు. నిమిషం వీడియోని వేలమంది వేలితో పైకి తోసేసినా ఈ గంటల్లో చేరదు, షార్ట్స్ లెక్క వేరు. లైవ్ అయిపోయాక దాన్ని ప్రైవేటులో పెట్టినా ఆ గంటలు పోతాయి. ఓసారి వెనకాల ఎవరో బూతులు తిట్టుకున్నారని సిగ్గుపడి రెండు రోజులవి అలా దాచేశాడు. తెలిసొచ్చాక తిట్లతో సహా మళ్లీ బయటపెట్టాడు.

పెద్ద కష్టం డేటా. ఓ మోస్తరు బొమ్మ పంపినా గంటకి ఒక జీబీ పైచిలుకు తాగేస్తుంది. రోజుకి రెండు జీబీల ప్యాక్ మీద బతికే వాడికి, రెండు గంటలు నిండకుండానే తెర చల్లగా నిలిచిపోయేది. మాఘం దాటాక ఎండ. నా నడుముకి గొడుగు కట్టి, ఫోన్‌కి నీడ పట్టేవాడు. దూరం నుంచి చూసినవాళ్లు ఉత్సవ విగ్రహం అనుకుని ఉంటారు. అయినా ఒక ఫోన్ వేడికే పోయింది.

2024 మార్చిలో ఆ వెయ్యిమంది, నాలుగువేల గంటల గీతలు రెండూ దాటాడు. ఏప్రిల్ 8న కొత్త అమావాస్య. ఉగాది ముందు రోజు మా నూకాలమ్మ జాతర మొదలైతే ఊరు ఊరంతా గుడి దారిలోనే ఉంటుంది. ఆ రోజు ఒక దశలో పద్ధెనిమిది వందలమంది చూశారు. నా కాళ్లు వణికాయి, జనం తోపులాటకే లెండి. అయితే వెనకాల డీజే బండిలో సినిమా పాటలు మోగుతూనే ఉన్నాయి. ఆ పాటల హక్కులున్న కంపెనీ వీడియో మీద క్లెయిమ్ వేసింది, ప్రకటనల డబ్బు అటే పోయింది. ఆ రోజు కొత్తగా చేరిన ఆరొందలమందిలో మర్నాడు యార్డు లైవ్‌కి వచ్చింది నలుగురు. తరవాత తీర్థాలకి వెళ్లినా డీజేకి ఆమడ దూరంలో నన్ను పాతుతున్నాడు.

ఖాతాలో పది డాలర్లు చేరగానే చిరునామా సరిచూసుకోవడానికి పిన్ నంబరు టపాలో పంపుతారు. ఆ ఉత్తరం కోసం మూడు వారాలు పోస్ట్‌మ్యాన్ వెంట పడ్డాడు. వంద డాలర్లు నిండితేగాని చేతికివ్వరు. అవి నిండేసరికి సెప్టెంబరు. ఎనిమిదివేల చిల్లర పడితే వాళ్లమ్మకి చూపించాడు.

"ఎన్నాళ్లకిరా ఇది?"

"ఆర్నెల్లకమ్మా."

"ఆర్నెల్లకి ఎనిమిదివేలు ఏటిరా! నీ ముక్కాలిపీటని అద్దెకిచ్చినా అంతొచ్చును."

ఆవిడ మాటలో న్యాయముంది. ప్రకటనలో నూటికి 55 చానల్‌కి వస్తాయి, లైవ్‌లో ఎవరైనా సూపర్ చాట్ వేస్తే 70. కానీ బెల్లం రైతుల ముందు పడే ప్రకటనకి ఎవరు పెద్ద ధర కడతారు? అసలు డబ్బు వేరే దారిన వచ్చింది. యార్డులో ధర రంగుని బట్టి తెగుతుంది. తెల్లగా మెరిస్తే ఎక్కువ, ముదురుగా ఉంటే తక్కువ. ఆ మెరుపు కోసం పాకంలో హైడ్రోస్ అనే మందు కలిపేవాళ్లున్నారు. లైవ్ చూసే బెంగళూరు, హైదరాబాద్ జనం మాత్రం "మందు కలపని ఆ ముదురుది మాకు పంపుతావా?" అని అడగడం మొదలెట్టారు. ఆహారశాఖ దగ్గర నమోదు చేయించుకుని, గుంటడు కొరియర్లో పంపుతున్నాడు. రైతుకి యార్డు ధర మీద నాలుగు రూపాయలు ఎక్కువిస్తాడు. వాడికీ మిగులుతోంది. పొయ్యి దగ్గర కూడా నన్ను నిలబెట్టి, పాకం కాగడం మొదటినుంచి చివరిదాకా చూపిస్తాడు. ఆ ఆవిరికి నా కీళ్లన్నీ జిగటెక్కాయి, చీమలు పడుతున్నాయి.

చూసేవాళ్లలో షార్జా నుంచి ఒకాయన ఉన్నాడు. మాకు ఏడైతే అక్కడ అయిదున్నర. పనికి బస్సెక్కేముందు వస్తాడు. ధర అడగడు, బెల్లం కొనడు. రోజూ ఒకే మాట రాస్తాడు: "కొంచెం ఎడంపక్కకి తిప్పు తమ్ముడూ." ఎడంపక్క షెడ్డులో వాళ్ల నాన్న కలాసీగా పనిచేశాడట. నా పురికొస కట్టు తిరగనివ్వదు. అందుకని గుంటడు నన్ను పెళ్లికూతుర్ని ఎత్తినట్టు ఎత్తి, తిప్పి పెడతాడు.

మొన్న ఆగస్టులో సరుకు లేదు. యార్డు బోసిపోయి ఉంది, రెండు వరసల దిమ్మలు అరగంటలో తెగిపోయాయి. చూసేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయి, చివరికి తెర మీద 1 మిగిలింది. అదే మాట వచ్చింది. గుంటడు నన్ను ఎత్తి తిప్పాడు. ఖాళీ షెడ్డు, ఓ మూల పడుకున్న కుక్క, తడిసిన గోనెలు. ఫోన్ ఆపకుండా నా పక్కనే గట్టు మీద కూర్చున్నాడు. ఆ వేళ ఇంకా ముప్పావు జీబీ మిగిలుంది.