అరవై, తొమ్మిది, రెండొందలు: ఒక గృహవాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “అమ్మా, ఆ అరవైది పీకెయ్, తొమ్మిదిది పెట్టు. లేకుంటే రెండొందలు దాటుతది.”

అవతారిక: మేడ్చల్ బస్తీల నుంచి శామీర్‌పేట చెరువు కట్ట దాకా ఏదో ఒక పాఠాంతరంతో వినబడే వాక్యమిది. వక్త కొడుకు, శ్రోత తల్లి. రచనాకాలం 2024 మార్చికి ముందు కాదని నిశ్చయం. కారణం మూడో సంఖ్య దగ్గర తేలుతుంది. వాట్లో యూనిట్లో కవి ఎక్కడా చెప్పలేదు. వ్యాఖ్యాతల పొట్ట కొట్టడం ఇష్టంలేక కాబోలు.

టీక: అరవైది అనగా 60 వాట్ల ఫిలమెంట్ బల్బు. తాగిన కరెంటులో తొంభై శాతానికి పైగా వేడికే ఖర్చుచేసి, మిగిలిన కాస్తతో దీపమనిపించుకునేది. ‘ఆ’ అనే సర్వనామం వల్ల అది వంటింట్లోనిదని కొందరు, బాత్రూములోదని కొందరు. రెండిటా ఉండొచ్చు.

తొమ్మిదిది అనగా 9 వాట్ల ఎల్‌ఈడీ. వెలుగులో అరవైదానికి తీసిపోదు. దీని మర్మమంతా నీలికాంతిలో ఉంది. నీలి ఎల్‌ఈడీ మీద పసుపు ఫాస్ఫర్ పూత పూస్తే తెల్లని వెలుగొస్తుంది. ఆ నీలిని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. అదే ఏడాది మొదట్లో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ ఒక్కో బల్బును 310 రూపాయలకు కొన్నది. కోట్ల బల్బులకు ఒకేసారి టెండర్లు పిలిచేసరికి 2016కల్లా ధర 38 రూపాయలకు దిగింది. 2015 జనవరి 5న మొదలైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు ఇళ్లకు చేరాయి. 2021లో గ్రామ్ ఉజాలా వచ్చాక, విజయవాడ ప్రాంతం సహా ఎంపిక చేసిన కొన్నిచోట్ల, వెలిగే పాత బల్బు ఇచ్చి పది రూపాయలు కడితే కొత్తది చేతిలో పెట్టారు. పాతది తీసుకోవడంలోనే తెలివంతా ఉంది. లేకపోతే అది అటక మీద దాక్కుని, కొత్తది పాడైన రోజున మళ్లీ హోల్డరెక్కేది.

రెండొందలు అనగా గృహజ్యోతి పథకం హద్దు. తెలంగాణలో 2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డున్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. 201వ యూనిట్ తిరిగిందా, కట్టాల్సింది ఆ ఒక్క యూనిట్‌కు కాదు, మొత్తానికి. వెయ్యి రూపాయల పైమాటే.

అన్వయం: రోజుకు ఐదు గంటలు వెలిగే అరవైది నెలకు 9 యూనిట్లు మింగుతుంది. తొమ్మిదిది ఒకటిన్నర లోపే. నాలుగు బల్బులు మారిస్తే 30 యూనిట్లు మిగులు. మీటరు 225 దగ్గరున్న ఇల్లు 195కు దిగుతుంది. అంటే, బల్బుకు పెట్టిన డబ్బు మొదటి నెలలోనే తిరిగి వస్తుంది.

శంక: కరెంటు ఉచితమైనప్పుడు పొదుపెందుకని పూర్వపక్షి ప్రశ్న. సమాధానం: ఉచితానికి గట్టు ఉంది గనుక. ‘భూతాపం తగ్గించండి’ అని పోస్టర్లు ఎన్ని వేసినా కదలని చెయ్యి, ఈ గట్టు కనబడగానే స్టూలెక్కింది. కొడుకు వాక్యంలో భూగోళం ఊసే లేదు, రెండొందలొక్కటే ఉంది. విధానాలు రాసేవాళ్లు ఇతణ్ణి చదవాలి.

విశేషం: కవి ఫ్యాను మాట ఎత్తలేదు. ఇది దోషమే. 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాను రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు, అంటే మూడు అరవై బల్బులకు సమానం. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానైతే 11 లోపే. కాకపోతే దాని ధర వేలల్లో ఉంటుంది, బల్బులాగా వందలోపు తెగేది కాదు. అందుకే కవి మౌనం వహించాడని సంప్రదాయజ్ఞులు సర్దిచెబుతారు.

మూలంలో ‘పీకెయ్’ అని ఉందేగానీ స్విచ్ ఆపమని లేదు. దాన్ని అధ్యాహారం చేసుకోండి. బల్బు చల్లారాకే చెయ్యి పెట్టండి.